భద్రాచలం అసెంబ్లీ సీటు: 1978 నుంచి 2023 దాకా ఓట్ల చరిత్ర, మధ్యలో తెగిన మండలాలు

గోదారిగట్టు:
ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ టీవీ చర్చల్లో మా భద్రాచలం గురించి ఒకే మాట వింటున్నాను. "ఒకప్పుడు ఎర్రజెండా కంచుకోట, ఇప్పుడు కూలిపోయింది." పక్కన ఒక పట్టిక వేస్తారు. 1978, 1983లో ముర్ల ఎర్రయ్యరెడ్డి, 1985, 1989, 1994లో కుంజా బొజ్జి, 1999, 2004లో సున్నం రాజయ్య. అందరూ సీపీఎం. 2009లో కాంగ్రెస్ నుంచి కుంజా సత్యవతి. 2014లో మళ్లీ రాజయ్య. 2018లో కాంగ్రెస్ నుంచి పొదెం వీరయ్య, 2023లో బీఆర్ఎస్ నుంచి తెల్లం వెంకట్రావు. అంటే 1978 నుంచి 2014 దాకా 9 ఎన్నికలు జరిగితే 8 సార్లు సీపీఎం గెలిచింది, ఆ తర్వాత ఒక్కసారీ గెలవలేదు.

పట్టికలో తప్పేమీ లేదు. కానీ 2014లో ఓటేసిన భద్రాచలం వేరు, 2018లో ఓటేసిన భద్రాచలం వేరు. మధ్యలో పోలవరం ప్రాజెక్టు ముంపు పేరుతో చింతూరు, కూనవరం, వీఆర్ పురం మండలాలు మొత్తంగా, భద్రాచలం మండలంలో పట్టణం తప్ప మిగతా ఊళ్లన్నీ ఆంధ్రప్రదేశ్‌లోకి పోయాయి. పేరు ఒకటే కాబట్టి సీటు కూడా ఒకటే అనుకుని, గెలుపోటములను వరుసగా చదివేస్తున్నారు. ఈ చరిత్రను ఎలా చదవాలో తెలిసినవాళ్లు రాయండి. పార్టీ గొడవలు వద్దు. ఊళ్ల గురించి, ఓటర్ల గురించి మాట్లాడుకుందాం.

లెక్కలపుస్తకం:
మంచి ప్రశ్న. ముందు అంకెలు పెడతాను.

2014లో రాజయ్య గారికి 57,750 ఓట్లు, రెండో స్థానంలో ఉన్న టీడీపీ అభ్యర్థికి 55,935. తేడా 1,815. 2018లో వీరయ్య గారికి 47,746, టీఆర్ఎస్ నుంచి నిలబడ్డ వెంకట్రావు గారికి 35,961. తేడా 11,785. 2023లో అదే ఇద్దరు, ఫలితం తిరగబడింది. వెంకట్రావు గారికి 53,252, వీరయ్య గారికి 47,533, తేడా 5,719.

2018లో పదకొండు వేలకు పైగా మెజారిటీతో గెలిచిన మనిషికి వచ్చిన ఓట్లు 2014లో ఓడిపోయిన మనిషికి వచ్చిన ఓట్ల కన్నా తక్కువ. ఇది ఒక్కటి చాలు, సీటు ఎంత కుదించుకుపోయిందో తెలియడానికి. తెలంగాణలోని 119 సీట్లలో ఓటర్ల సంఖ్య అన్నింటికన్నా తక్కువ ఉన్నది ఇక్కడే.

దుమ్ముగూడెం కుర్రాడు:
వీరయ్య గారి ఓట్లు 2018లోనూ 2023లోనూ దాదాపు ఒకటే! ఆయన ఓటు తగ్గలేదు, అవతలి వైపు పెరిగింది. ఇంతవరకు ఎవరూ ఈ మాట అనగా వినలేదు.

లెక్కలపుస్తకం:
అవును తమ్ముడూ. ఆయనకు తేడా 213 ఓట్లే. వెంకట్రావు గారికి మాత్రం 17 వేలకు పైగా పెరిగాయి. అందులో కొంత 2018లో సీపీఎంకు పడిన ఓటు అయ్యుండాలని నా అంచనా. అప్పుడు వాళ్లు బహుజన లెఫ్ట్ ఫ్రంట్ పేరుతో మాజీ ఎంపీ మిడియం బాబూరావు గారిని నిలబెట్టారు. 2023 నాటికి ఆ ఓటు బాగా చెదిరింది.

చర్ల మాస్టారు:
నేను రిటైర్డ్ టీచర్ని. చర్ల, దుమ్ముగూడెం, వెంకటాపురం వైపు చాలా ఎన్నికల డ్యూటీలు చేశాను. పాత సంగతులు కొన్ని రాస్తాను, కుర్రాళ్లకు ఉపయోగపడవచ్చు.

మన ప్రాంతం సరిహద్దులు మారడం 2014తో మొదలు కాలేదు. బ్రిటిష్ కాలంలో భద్రాచలం సెంట్రల్ ప్రావిన్సెస్‌లోని అప్పర్ గోదావరి జిల్లాలో ఉండేది. 1874లో మద్రాసు వైపు, గోదావరి జిల్లాలో కలిపారు. తర్వాత తూర్పుగోదావరి జిల్లాలో భాగమైంది. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలను అక్కడి నుంచి తీసి ఖమ్మం జిల్లాలో చేర్చారు. అప్పటికి గోదావరి మీద వంతెన కూడా లేదు. అది 1965లో వచ్చింది. అంటే జిల్లా కేంద్రం నదికి ఆ ఒడ్డుకు మారాక కూడా జనం ఆరేళ్లు పడవలు ఎక్కి తిరిగారు.

రాష్ట్ర విభజన సమయంలో "ఇది ఒకప్పుడు తూర్పుగోదావరే కదా" అనే వాదన వచ్చింది, గుర్తుందా? దాని వెనకున్న కథ ఇదే. కానీ 1959 నుంచి 2014 దాకా 55 ఏళ్లు. ఆ మధ్యలో పుట్టినవాళ్ల చదువులు, పెళ్లిళ్లు, ఆసుపత్రులు, సంతలు అన్నీ భద్రాచలం చుట్టూ అల్లుకున్నాయి. ఆ 55 ఏళ్లను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

శబరి ఒడ్డు:
మాస్టారూ, నమస్తే. నాది కూనవరం మండలం. మా ఊరి దగ్గరే శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది. ఇక్కడ "తెగిన మండలాలు" అని రాస్తున్నది మా గురించే కాబట్టి మా వైపు కూడా చెప్పాలి.

2014 ఏప్రిల్ 30న మేం భద్రాచలం సీటుకు ఓటేశాం. మే 16న ఫలితం వచ్చింది, రాజయ్య గారు గెలిచారు. మే 29న మా మండలాలను ఆంధ్రలో కలుపుతూ ఆర్డినెన్స్ వచ్చింది. జూన్ 2న తెలంగాణ ఏర్పడేటప్పటికి మేం అందులో లేము. జూలైలో పార్లమెంటు చట్టం కూడా చేసేసింది. మేం ఎన్నుకున్న ఎమ్మెల్యే హైదరాబాద్‌లో తెలంగాణ అసెంబ్లీలో కూర్చున్నారు, మా తహసీల్దారు, మా పోలీసు, మా రేషన్ కార్డు ఆంధ్రలో. 2018 దాకా ఇంతే. అసలు ఆయన సొంత ఊరే వీఆర్ పురం మండలంలో ఉంది. తన ఊరే లేని రాష్ట్రంలో ఎమ్మెల్యేగా ఉన్నారు. నాలుగేళ్లు మా గోడు చెప్పుకోవడానికి ఆంధ్ర అసెంబ్లీలో మాకంటూ ఎమ్మెల్యే లేడు.

2019 ఎన్నికల నాటికి మమ్మల్ని రంపచోడవరం సీటులో కలిపారు. లోక్‌సభకు అరకు. మారేడుమిల్లి ఘాట్ దాటి అవతల ఉన్న ఊళ్లతో మాకేం పరిచయం? బ్యాలెట్ మీద ఉన్న పేర్లలో మాకు తెలిసింది ఒక్క రాజయ్య గారి పేరే. ఆయన అక్కడ సీపీఎం నుంచి నిలబడ్డారు. గెలవలేదు. వైసీపీ నుంచి నాగులపల్లి ధనలక్ష్మి గారు గెలిచారు. 2024లో టీడీపీ నుంచి మిరియాల శిరీషాదేవి గారు గెలిచారు. ఇప్పుడు మీరు చెప్పండి, మా ఓటు చరిత్రను ఎవరి పట్టికలో రాయాలి?

గోదారిగట్టు:
అన్నా, నేను ఈ చర్చ మొదలుపెట్టింది సరిగ్గా దీనికోసమే. టీవీ పట్టికలో మీరు 2014 దాకా ఉంటారు, 2018కి కనిపించరు. "ఎర్రజెండా ఓటు తగ్గింది" అంటారు గానీ, ఆ ఓటు వేసిన ఊళ్లను తీసేశారని అనరు.

పాత ఓటరు:
ఒక్క నిమిషం. మండలాలు పోవడం నిజమే, కానీ సీపీఎం ఓటమిని మొత్తం దాని మీదకు నెట్టేయలేం. 2009లో ఎనిమిది మండలాలూ ఇక్కడే ఉన్నాయి. వాజేడు, వెంకటాపురం, చర్ల, దుమ్ముగూడెం, భద్రాచలం, కూనవరం, చింతూరు, వీఆర్ పురం. పైగా టీడీపీతో పొత్తు ఉంది. అయినా రాజయ్య గారు ఓడిపోయారు. రాష్ట్రం మొత్తం మీద ఆ ఏడాది సీపీఎంకు దక్కింది ఒక్క మిర్యాలగూడ. పతనం అప్పుడే మొదలైంది.

ఇంకోటి, పొత్తుల లెక్క చూడండి. 1985, 1989, 1994లో ఎన్టీఆర్ టీడీపీతో కలిసి. 2004లో కాంగ్రెస్‌తో కలిసి. 2014లో ఖమ్మం జిల్లాలో వైసీపీతో సర్దుబాటు. పెద్ద పార్టీ భుజం లేకుండా ఎన్నిసార్లు గెలిచారు?

లెక్కలపుస్తకం:
1999 చూడండి. అప్పుడు వామపక్షాలకు టీడీపీతోనూ కాంగ్రెస్‌తోనూ పొత్తు లేదు. ఉమ్మడి రాష్ట్రంలో సీపీఐకి ఒక్క సీటూ రాలేదు, సీపీఎంకు వచ్చినవి రెండు. నకిరేకల్, భద్రాచలం. 294 సీట్ల రాష్ట్రంలో, చంద్రబాబు గాలి బలంగా వీచిన ఏడాది, కొత్త అభ్యర్థిగా రాజయ్య గారు ఇక్కడ గెలిచారు. సొంత పునాది ఉందా లేదా అన్నదానికి నాకు కనిపించే గట్టి సాక్ష్యం ఇది. 1983 కూడా అంతే, టీడీపీ ప్రభంజనంలో కూడా ఇక్కడ ఎర్రయ్యరెడ్డి గారే గెలిచారు.

2009లో ప్రజారాజ్యం రావడంతో ఓటు మూడు వైపులకు చీలింది. ఆ ఒక్క ఎన్నికతో పతనం మొదలైందనడం తొందరపాటు అని నా అభిప్రాయం. ఐదేళ్లకు మళ్లీ గెలిచారు కదా.

పాత ఓటరు:
1999 గురించి మీరన్నది ఒప్పుకుంటున్నాను. కానీ ఒక మాట. లోక్‌సభ లెక్కను కూడా దీంతో పోల్చి చూడండి. అప్పట్లో భద్రాచలం పేరుతోనే ఎస్టీ లోక్‌సభ సీటు ఉండేది, తూర్పుగోదావరి, విశాఖ ఏజెన్సీలను కూడా కలుపుకొని. 1989, 1991లో అక్కడ కాంగ్రెస్ నుంచి కమలకుమారి గారు గెలిచారు. 1996, 1998లో సీపీఐ నుంచి సోడె రామయ్య గారు. 1999లో టీడీపీ నుంచి దుంప మేరీ విజయకుమారి గారు. 2004లో సీపీఎం నుంచి బాబూరావు గారు. అసెంబ్లీకి ఒకే జెండా, పార్లమెంటుకు మారుతూ ఉండే జెండా. ఏజెన్సీ ఓటరు చెప్పిన గుర్తుకు గుద్దేస్తాడని పట్నంలో అనుకుంటారే, అది అబద్ధం.

చర్ల మాస్టారు:
పాత ఓటరు గారు చివర్లో అన్న మాట బంగారం. మనుషులను చూసి ఓటేసిన ప్రాంతం ఇది.

కుంజా బొజ్జి గారు మూడుసార్లు ఎమ్మెల్యే. సైకిల్ మీద ఊళ్లు తిరిగేవారు. రాజయ్య గారు ఆర్టీసీ బస్సులో హైదరాబాద్ వెళ్లి వచ్చేవారు. ఇప్పటివాళ్లకు ఇది పొగడ్తలా అనిపిస్తుంది గానీ ఓటుకు దీంతో నేరుగా సంబంధం ఉంది. అప్పట్లో గూడెంలో మనిషికి ఉన్న సమస్యలు మూడు. పోడు భూమి (అడవి నరికి సాగు చేసుకునే భూమి) మీద ఫారెస్టు కేసు, తునికాకు కట్టకు సరైన రేటు, గిరిజనేతరుడి చేతిలోకి పోయిన భూమి. 1970 నాటి 1/70 చట్టం ఏజెన్సీలో భూమి గిరిజనేతరులకు బదలాయించకూడదని చెబుతుంది. చట్టం ఉన్నంత మాత్రాన భూమి తిరిగి రాదు. ఎవరో ఒకరు అర్జీ రాయాలి, వెంట నడవాలి, ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఆఫీసు బయట కూర్చోవాలి. ఆ పని చేసినవాళ్లకు ఓట్లు పడ్డాయి. పొత్తు ఎవరితో అన్నది గూడెంలో చాలామందికి రెండో విషయం.

మరి ఎందుకు తగ్గింది అంటే, 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చాక పోడు పట్టా ఇచ్చేది ప్రభుత్వం అయింది. 2023 జూన్ చివర్లో ఎన్నికలకు ముందు పెద్ద ఎత్తున పట్టాలు పంచారు. రాష్ట్రంలో అన్నింటికన్నా ఎక్కువ పట్టాలు వచ్చింది మన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకే. పోరాడేవాడి కన్నా సంతకం పెట్టేవాడు దగ్గరయ్యాడు. 2023లో ఉమ్మడి ఖమ్మం జిల్లా పది సీట్లలో కాంగ్రెస్‌కు ఎనిమిది, కొత్తగూడెం సీపీఐకి, భద్రాచలం ఒక్కటి బీఆర్ఎస్‌కు వచ్చాయి. ఆ ఒక్కటి ఇక్కడే ఎందుకు అన్నదానికి పట్టాలు ఒక కారణమని నేను నమ్ముతాను.

దుమ్ముగూడెం కుర్రాడు:
మాస్టారూ, పట్టాలు పినపాకలోనూ ఇచ్చారు, అక్కడ కాంగ్రెస్ గెలిచింది. నా లెక్కలో వెంకట్రావు గారు డాక్టరు కావడం పెద్ద కారణం. భద్రాచలంలో ఎముకలు విరిగి ఆయన దగ్గరకు వెళ్లని కుటుంబం మా వైపు తక్కువ. 2018లో ఓడిపోయాక కూడా ఊళ్లకు రావడం మానలేదు. ఆ సానుభూతి ఓటు నేను మా ఊళ్లో కళ్లారా చూశాను.

చర్ల మాస్టారు:
అదీ నిజమే నాయనా. రెండూ ఉండొచ్చు.

భద్రాద్రి వాసి:
పట్టణం గురించి ఎవరూ మాట్లాడటం లేదు. 2014లో తీసేసిన ఊళ్లతో పాటు మాకు జరిగిన నష్టం కూడా రాయాలి. భద్రాచలం రెవెన్యూ గ్రామం మాత్రం తెలంగాణలో ఉంచారు, చుట్టూ ఉన్నవన్నీ ఆంధ్రలో. రాముడి గుడి ఇక్కడ, గుడి భూములు దాదాపు 900 ఎకరాలు పురుషోత్తపట్నంలో, అంటే ఆంధ్రలో. చెత్త వేసుకోవడానికి స్థలం లేదు. 2022 జూలైలో గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. 1986లో వచ్చిన 75.6 తర్వాత అంత ఎత్తు మళ్లీ అప్పుడే చూశాం. కరకట్ట పొడిగించాలంటే పక్క రాష్ట్రం భూమిలోకి వెళ్లాలి. అప్పుడు ముఖ్యమంత్రి వచ్చి వెయ్యి కోట్లు ప్రకటించారు. మా కాలనీ జనం ఇంకా ప్రతి జూలైలో సామాను పైఅంతస్తుకు మోస్తున్నారు.

పైగా 2019లో రాష్ట్రమంతా పంచాయతీ ఎన్నికలు జరిగితే మా ఊళ్లో జరగలేదు. మున్సిపాలిటీనా, పంచాయతీనా, మూడు ముక్కలు చేయాలా అని ఏళ్ల తరబడి తేల్చలేదు. ఆ ఏళ్లలో అడగడానికి సర్పంచ్ లేడు, వార్డు మెంబరు లేడు. వరద వచ్చిన ఏడాది మాకు స్పెషల్ ఆఫీసరే దిక్కు. అసెంబ్లీ ఓటు చరిత్ర రాసేటప్పుడు, ఓటే లేని ఆ ఏళ్ల గురించి కూడా ఒక పేరా రాయండి.

దుమ్ముగూడెం కుర్రాడు:
అన్నా, మా బాధ ఇంకోటి. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం రావాలంటే దారిలో ఆంధ్ర ఊళ్లు దాటాలి. ఎటపాక, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచుకలపాడు వైపు. వీటికి గుండాల కలిపి ఐదు పంచాయతీలు. ఒకే నియోజకవర్గంలో ఒక చోట నుంచి ఇంకో చోటికి వెళ్లడానికి పక్క రాష్ట్రం గుండా పోవాలి. లాక్‌డౌన్‌లో గర్భిణిని తీసుకెళ్లే బండిని కూడా ఆపి ప్రశ్నలు వేశారు. ఎన్నికల కోడ్ వస్తే చెక్‌పోస్టుల దగ్గర సంతకు పోయే రైతు డబ్బులకు కాగితాలు చూపించాలి. ఆ ఐదు పంచాయతీలు వెనక్కి ఇవ్వాలని గ్రామసభల్లో తీర్మానాలు కూడా చేశారు. అక్కడి జనమే అడుగుతున్నారు!

శబరి ఒడ్డు:
ఐదు పంచాయతీల గురించి అందరూ మాట్లాడతారు, ఎందుకంటే అవి పట్టణానికి ఆనుకుని ఉన్నాయి. మా గురించి ఎవరు మాట్లాడతారు తమ్ముడూ? మా మండలాలు పోలవరం ముంపులో ఉన్నాయి. మొదటి దశలో 41.15 మీటర్ల ఎత్తు (కాంటూరు) దాకా నీళ్లు నిలుపుతారు, తర్వాత 45.72 దాకా. కొన్ని ఊళ్లు ఖాళీ అయ్యాయి, కొన్ని అవుతాయి. కుక్కునూరు, వేలేరుపాడు వాళ్లను జంగారెడ్డిగూడెం వైపు పునరావాస కాలనీలకు పంపుతున్నారు. వాళ్ల ఓట్లు కూడా కాలనీతో పాటు మారతాయి. ఒక పోలింగ్ కేంద్రంలో ఓటేసిన గూడెం వాళ్లు మూడు చోట్లకు చెదిరితే ఆ గూడెం మాట ఏ ఎమ్మెల్యేకు వినబడుతుంది?

గోదారిగట్టు:
అన్నా, ఒక సవరణ మాత్రం చదివేవాళ్ల కోసం. కుక్కునూరు, వేలేరుపాడు భద్రాచలం సీటులోవి కావు, అశ్వారావుపేటలోవి. బూర్గంపహాడ్ నుంచి పోయిన ఊళ్లు పినపాకవి. భద్రాచలం నుంచి పోయినవి చింతూరు, కూనవరం, వీఆర్ పురం, భద్రాచలం రూరల్. ఈ చివరి దాన్నే తర్వాత నెల్లిపాక అని, ఎటపాక అని పిలుస్తున్నారు.

శబరి ఒడ్డు:
నిజమే. ముంపు బాధ ఒకటే కాబట్టి కలిపి రాశాను. ఆ రెండు మండలాలు పోలవరం సీటులోకి, ఏలూరు లోక్‌సభలోకి వెళ్లాయి. 2022లో జిల్లాలు మార్చినప్పుడు మేం అల్లూరి సీతారామరాజు జిల్లాకు, వాళ్లు ఏలూరు జిల్లాకు.

నూగూరు:
నాది వెంకటాపురం. పాత పేరు నూగూరు వెంకటాపురం. మమ్మల్ని ఆంధ్రలో కలపలేదు గానీ 2016లో జిల్లాల విభజనలో జయశంకర్ భూపాలపల్లికి ఇచ్చారు, 2019లో ములుగుకు. వాజేడు కూడా మాతోనే. ఎమ్మెల్యే భద్రాచలం వాడు, కలెక్టరు ములుగులో. భద్రాచలంలో ఎమ్మెల్యే సమీక్ష పెడితే మా అధికారులు రారు, ములుగులో సమీక్ష పెడితే మా ఎమ్మెల్యేది అతిథి హోదా.

2018 ఫలితంలో దీనికి ఒక పాత్ర ఉందని నా నమ్మకం. పొదెం వీరయ్య గారు ములుగు మాజీ ఎమ్మెల్యే, 1999, 2004లో గెలిచిన మనిషి. ములుగులో సీతక్క గారు నిలబడటంతో ఆయన ఇటు వచ్చారు. భద్రాచలం పట్టణంలో బయటివాడు అన్నారేమో గానీ, మా రెండు మండలాల్లో అలా అనిపించలేదు. ముళ్లకట్ట వంతెన వచ్చాక ఏటూరునాగారం మాకు పక్కూరు అయింది. చుట్టరికాలు రెండు ఒడ్డుల్లోనూ ఉన్నాయి. కూనవరం, చింతూరు పోయాక నియోజకవర్గం బరువు ఎగువకు జరిగింది. పైనుంచి వచ్చిన అభ్యర్థికి అది కలిసొచ్చింది.

లెక్కలపుస్తకం:
ఇది చాలా విలువైన పరిశీలన నూగూరు గారూ. దీనికి ఇంకోటి కలపండి. 2014లో 55,935 ఓట్లు తెచ్చుకున్న టీడీపీ 2018లో కాంగ్రెస్ కూటమిలో ఉంది, ఇక్కడ అభ్యర్థిని పెట్టలేదు. ఆ ఓటులో దిగువ మండలాల భాగం ఆంధ్రకు పోయింది, మిగిలిన దాంట్లో ఎక్కువ వీరయ్య గారికి మళ్లింది. ఇటు ములుగు చుట్టరికం, అటు కూటమి ఓటు. టీఆర్ఎస్ రాష్ట్రమంతా 88 సీట్లు గెలిచిన ఏడాది ఇక్కడ పదకొండు వేలతో ఓడడానికి ఇదే కారణం అనుకుంటున్నాను.

పాత ఓటరు:
మరి 2023 తర్వాత జరిగింది కూడా రాయండి. బీఆర్ఎస్ గుర్తు మీద గెలిచిన వెంకట్రావు గారు 2024 ఏప్రిల్‌లో కాంగ్రెస్‌లో చేరారు. పార్టీ మారిన పది మంది ఎమ్మెల్యేల విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. స్పీకర్ మూడు నెలల్లో తేల్చాలని 2025 జూలై 31న కోర్టు చెప్పింది. ఏ పార్టీని కాదని ఓటేశామో ఆ పార్టీలోకే మా ఓటు నడిచి వెళ్లింది. ఎవరు గెలిచారన్న గడిలో "బీఆర్ఎస్" అని రాసి వదిలేస్తే అది సగం చరిత్రే.

దుమ్ముగూడెం కుర్రాడు:
పార్టీ మారితే నిధులు వస్తాయి, రోడ్డు పడుతుంది అనేవాళ్లు మా ఊళ్లో ఉన్నారు. నాకు అది నచ్చదు. మారాలనిపిస్తే రాజీనామా చేసి మళ్లీ మా దగ్గరకు రావాలి.

చర్ల మాస్టారు:
పోలింగ్ ఎలా జరుగుతుందో కూడా ఒక మాట. మావోయిస్టు ప్రభావిత ప్రాంతం కింద ఇక్కడ పోలింగ్ సాయంత్రం 4 గంటలకే ముగిసేది. 2018లో, 2023లో కూడా అంతే. మిగతా రాష్ట్రానికి 5 గంటలు. గంట తేడా చిన్నది అనిపిస్తుంది. కానీ లోపలి గూడెంలో పోలింగ్ కేంద్రాన్ని భద్రత పేరుతో పెద్ద ఊరికి మార్చేవారు. పొద్దున చేలో పని చూసుకుని, అడవి దారిలో నడిచి వచ్చే ముసలివాళ్లకు ఆ గంట చాలా పెద్దది. నేను డ్యూటీలో ఉండగా గేటు మూసే సమయానికి దూరంగా నడిచి వస్తున్నవాళ్లను చూశాను. వాళ్లు వచ్చేదాకా ఆగడానికి నాకు అధికారం లేదు. ఓటింగ్ శాతం చూసి "చైతన్యం తక్కువ" అని రాసేవాళ్లు ఈ నడకను లెక్కలో వేసుకోవాలి.

ఇక ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన గిరిజనులు, గుత్తికోయల సంగతి. 2005 తర్వాత అక్కడ మావోయిస్టులకు వ్యతిరేకంగా నడిచిన సల్వాజుడుం హింస తట్టుకోలేక చర్ల, దుమ్ముగూడెం అడవుల్లోకి వచ్చి స్థిరపడ్డారు. చాలామందికి ఓటరు కార్డు, ఆధార్ ఉన్నాయి. ఎస్టీ ధ్రువీకరణ లేదు, పోడు పట్టా లేదు. ఎస్టీ రిజర్వుడు సీటులో ఓటు వేస్తారు, ఎస్టీగా ఏ హక్కూ పొందలేరు. ఓటు అడగడానికి అందరూ వెళ్తారు. గుడిసెలు తొలగించేటప్పుడు అడ్డంగా నిలబడేవాళ్లు తక్కువ.

భద్రాద్రి వాసి:
మాస్టారూ, ఈ సంగతి నాకు ఇంత వివరంగా తెలియదు. ధన్యవాదాలు.

నూగూరు:
ముందు రాబోయేది కూడా ఆలోచించాలి. విభజన చట్టం 26వ సెక్షన్‌లో తెలంగాణ సీట్లు 119 నుంచి 153కి, ఆంధ్రలో 175 నుంచి 225కి పెంచాలని ఉంది. జనగణన తర్వాత పునర్విభజన జరిగితే అన్నింటికన్నా తక్కువ ఓటర్లున్న మన సీటును ఏం చేస్తారు? బూర్గంపహాడ్ కలుపుతారా? వాజేడు, వెంకటాపురాన్ని తీసి ములుగుకు ఇస్తారా? మాకు జిల్లాతో కలవడం సౌకర్యమే. కానీ మమ్మల్ని కూడా తీసేస్తే భద్రాచలానికి మిగిలేది ఎంత? ఈసారైనా గీత గీసే ముందు ఊళ్లకు వచ్చి అడగాలి.

శబరి ఒడ్డు:
మా వైపు సీట్లు పెరిగితే చింతూరు కేంద్రంగా ఒక ఎస్టీ సీటు కావాలి. మా నాలుగు మండలాలు, చుట్టుపక్కల ఊళ్లు కలిపి. రంపచోడవరం వాళ్ల మీద నాకు కోపం లేదు, వాళ్లూ మాలాంటి కోయ, కొండరెడ్డి జనమే. కానీ ఎమ్మెల్యే ఆఫీసుకు వెళ్లి రావడానికి ఒక రోజు కూలి, ఘాట్ రోడ్డు ప్రయాణం. అర్జీ పెట్టుకునేవాడు రెండోసారి వెళ్లడు.

గోదారిగట్టు:
అందరూ ఇచ్చిన సమాచారంతో ఒక పని మొదలుపెడదాం. ప్రతి ఎన్నిక తర్వాత పోలింగ్ కేంద్రాల వారీగా ఎవరికెన్ని ఓట్లు వచ్చాయో ఫారం 20లో ఇస్తారు. 2009, 2014 ఫారం 20లు తీసుకుని, వెళ్లిపోయిన మండలాల బూత్‌లను విడిగా కూడదాం. అప్పుడు రెండు లెక్కలు వస్తాయి. ఈనాటి ఐదు మండలాల హద్దుల్లో 2014లో ఎవరు ముందున్నారో ఒకటి. వెళ్లిపోయిన మండలాలు 2009, 2014, 2019, 2024లో ఎటు నడిచాయో రెండోది. సున్నం రాజయ్య గారు 2020 ఆగస్టులో కరోనాతో పోయారు. ఆయనకు 2014లో కూనవరం నుంచి పడిన ఓటు, 2019లో రంపచోడవరం సీటులో అదే కూనవరం నుంచి పడిన ఓటు పక్కపక్కన పెట్టి చూస్తే, ఓటు పార్టీని వదిలిందా, సీటు ఓటును వదిలిందా అన్నది అంకెల్లో కనబడుతుంది.

లెక్కలపుస్తకం:
నేను చేస్తాను. బూత్ నంబర్లు 2009కీ 2014కీ మారి ఉంటాయి, కాబట్టి నంబరుతో కాకుండా ఊరి పేరుతో జత చేయాలి. ఊళ్ల పేర్లు ఒక్కో చోట ఒక్కో రకంగా రాసి ఉంటాయి, గూడెం పేర్లు మరీ. స్థానికులు సరిచూడాలి.

చర్ల మాస్టారు:
చర్ల, దుమ్ముగూడెం పేర్లు నాకు పంపండి, చూసి పెడతాను.

నూగూరు:
వాజేడు, వెంకటాపురం నేను చూస్తాను.

శబరి ఒడ్డు:
కూనవరం, వీఆర్ పురం నావి. చింతూరులో మా బావ ఉన్నాడు, అతనితో చూపిస్తాను. ఒక్క విన్నపం. ముంపులో ఖాళీ అయిన ఊరి బూత్‌ను పక్క ఊరి బూత్‌లో కలిపేయకండి. దానికి విడిగా ఒక వరుస ఉంచి, ఊరి పేరు రాయండి. తర్వాత ఎక్కడికి పంపారో నేను కనుక్కుని ఆ పక్కన చేరుస్తాను.

లెక్కలపుస్తకం:
అలాగే అన్నా. ముందు 2014 కూనవరం బూత్‌లతో మొదలుపెట్టి మీకే పంపుతాను.